ద్వారం వెంకటస్వామి నాయుడు

ద్వారం వెంకటస్వామి నాయుడు (నవంబర్ 8, 1893 - నవంబర్ 25, 1964) సుప్రసిద్ధ కర్ణాటక సంగీత వాయులీన విద్వాంసుడు, సంగీతాచార్యుడు. తెలుగునాట ఫిడేలు నాయుడుగా పేరొందాడు. విజయనగరంలోని మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యుడిగానూ, తరువాత ప్రధానాచార్యుడిగానూ పనిచేశాడు. గాయకునికి పక్కవాద్యంగా మాత్రమే పరిగణింపబడుతూ వచ్చిన వయొలిన్‌ను ఒక పూర్తి కచేరీని తానే నడిపించగల ప్రధాన వాద్యంగా నిలబెట్టిన వారిలో ఈయన అగ్రగణ్యుడు. సంగీత కళానిధి, కళాప్రపూర్ణ, పద్మశ్రీ బిరుదులు పొందాడు. చిన్ననాటి నుండి దృష్టిమాంద్యంతో బాధపడుతూ కూడా ఉత్తరాంధ్రలోని ఒక సంస్థానపు పట్టణంలో ఉండి దక్షిణ భారతదేశమంతటా గుర్తింపు తెచ్చుకున్నాడు.

బాల్యం, విద్యాభ్యాసం

వెంకటస్వామి నాయుడు 1893 నవంబర్ 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగళూరులో జన్మించాడు. తండ్రి వెంకటరాయుడు సైన్యంలో అధికారిగా పనిచేశాడు. ఉద్యోగ విరమణ తరువాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. నాయుడు బాల్యమంతా అక్కడే గడిచింది.

చిన్నతనం నుండి ఆయనకు చూపు సరిగా ఉండేది కాదు. నల్లబల్లపై అక్షరాలు చదవడం, పుస్తకం పట్టుకుని పాఠం అప్పజెప్పడం ప్రధానమైన ఆనాటి బడులలో అటువంటి పిల్లవానికి చోటు దొరకడం కష్టం. దృష్టిలోపం వలన ఆయన పాఠశాల చదువు మధ్యలోనే నిలిచిపోయింది. కుటుంబంలో సంగీతాభిరుచి ఉండడం ఆ సమయంలో ఆయనకు ఆధారమైంది. అన్న వెంకటకృష్ణయ్య వద్ద వయొలిన్ అభ్యాసం ప్రారంభించాడు.

కర్ణాటక సంగీతం ప్రధానంగా ముఖతః సాగే విద్య. గురువు పాడినదాన్ని లేక వాయించినదాన్ని విని, అదే విధంగా పలికించడం ఇందులో మొదటి మెట్టు. బడిచదువుకు అడ్డమైన చూపు ఇక్కడ అంతగా అడ్డం కాలేదు. పైగా వయొలిన్‌కు వీణకు ఉన్నట్లు మెట్లు ఉండవు. స్వరం ఎక్కడ ఉన్నదో కంటికి చూపే గుర్తు ఏదీ పలకపై ఉండదు, చెవితోనే వెదుక్కోవాలి. చూపున్నవారు కూడా చెవిపైనే ఆధారపడవలసిన వాద్యం ఇది. నాయుడు గంటల తరబడి అభ్యాసం చేసి, ఇరవైయైదేళ్ళ వయసు వచ్చేసరికి ప్రావీణ్యం సంపాదించాడు.

కర్ణాటక సంగీతంలో వయొలిన్

నాయుడు సాధించినదాన్ని గుర్తించడానికి వయొలిన్ మన సంగీతంలో ప్రవేశించిన తీరును తెలుసుకోవాలి. వయొలిన్ ఐరోపా వాద్యం. ఈస్టిండియా కంపెనీ కాలంలో తెల్లవారి బ్యాండు మేళాలతో పాటు మద్రాసు ప్రాంతానికి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786 - 1858) మద్రాసులో పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకుని, దానిపై కర్ణాటక సంగీతాన్ని పలికించిన తొలి విద్వాంసుడిగా ప్రసిద్ధుడు. ముత్తుస్వామి దీక్షితుల శిష్యుడు, తంజావూరు సోదర చతుష్టయంలో ఒకడు అయిన వడివేలు కూడా ఈ వాద్యంలో నిపుణుడు. తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో వడివేలుకు దంతపు వయొలిన్‌ను బహూకరించాడు.

మన విద్వాంసులు ఈ వాద్యం ఆకారాన్ని మార్చలేదు. పట్టుకునే తీరును, శ్రుతి చేసే తీరును మార్చారు. పాశ్చాత్యులు నిలబడి గాని కుర్చీలో కూర్చుని గాని, వయొలిన్‌ను గడ్డానికి, భుజానికి మధ్య ఉంచి వాయిస్తారు. మనవారు నేలపై బాసిపట్టు వేసుకుని కూర్చుని, వాద్యం వెనుక భాగాన్ని ఎదకు ఆనించి, తలభాగాన్ని కుడికాలి చీలమండపై ఉంచుతారు. దీనివలన వాద్యం కదలకుండా ఉంటుంది. ఎడమచేతికి వాద్యాన్ని మోసే పని తప్పి, వేళ్ళు తీగల మీద పైకి కిందికి స్వేచ్ఛగా జారడానికి వీలు కలుగుతుంది. గమకాలకు, జారులకు ఈ స్వేచ్ఛ అత్యవసరం. పాశ్చాత్య పద్ధతిలో నాలుగు తీగలలోనూ ప్రక్కప్రక్క తీగల మధ్య షడ్జ పంచమాల దూరం ఉంటుంది. మన పద్ధతిలో నాలుగు తీగలను వరుసగా షడ్జ, పంచమ, షడ్జ, పంచమాలకు శ్రుతి చేస్తారు. పాడేవారి శ్రుతికి తగినట్లు దీనిని ఎక్కువ తక్కువలు చేసుకోవచ్చు.

మానవ కంఠానికి దగ్గరగా ఉండే నాదం, ఆగకుండా సాగే స్వరం ఉండడం వలన వయొలిన్ త్వరలోనే గాత్ర కచేరీలకు విడదీయరాని పక్కవాద్యం అయింది. ఈ సుగుణమే దాని స్థానానికి హద్దు కూడా గీసింది. గాయకుడు రాగం ఆలపిస్తుంటే వయొలిన్ విద్వాంసుడు నీడవలె వెంట నడవాలి. గాయకుడు ఆపిన తరువాత తన వంతుగా కొద్దిసేపు రాగాన్ని వాయించాలి. స్వరకల్పనలో బదులు చెప్పాలి. ఏ కృతి పాడాలో, ఏ రాగాన్ని విస్తరించాలో, ఎంతసేపు పాడాలో నిర్ణయించేది గాయకుడే. వీణ, వేణువు, నాదస్వరం వంటి వాద్యాలకు స్వతంత్రమైన కచేరీలు ఉండేవి. అంధుడైన శరభశాస్త్రి (1872 - 1904) వేణువుకు కచేరీ వేదికపై గౌరవస్థానం సంపాదించి పెట్టాడు. వయొలిన్ మాత్రం ఎంతటి విద్వాంసుని చేతిలో ఉన్నా వేదికపై ఒక పక్కనే ఉండిపోయింది.

విజయనగరం సంగీత కళాశాల

నాయుడు జీవితాన్ని మలుపు తిప్పిన సంవత్సరం 1919. అప్పటికి విజయనగరం మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. పూసపాటి రాజుల పాలనలో ఆ సంస్థానం సాహిత్యానికి, సంగీతానికి, వ్యాయామ విద్యలకు పేరుపొందింది. ఆనంద గజపతి (1850 - 1897) కాలంలో ఆస్థానంలో పండితులకు, గాయకులకు ఆదరణ ఉండేది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం వెలువడింది కూడా ఆ ఆస్థానపు నీడలోనే. పొరుగున ఉన్న బొబ్బిలి సంస్థానం వీణల తయారీకి ప్రసిద్ధి చెందింది.

1919లో మహారాజా విజయరామ గజపతి విజయనగరంలో సంగీత పాఠశాలను ప్రారంభించాడు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864 - 1945) దీనికి మొదటి ప్రధానాచార్యుడు. గురువు ఇంట ఉండి సేవచేస్తూ సంవత్సరాల తరబడి నేర్చుకునే గురుకుల పద్ధతి మాత్రమే ఉన్న రోజులలో, తరగతులు, పాఠ్యక్రమం, నియమిత వేళలతో సంగీతం నేర్పే పాఠశాల ఏర్పడడం తెలుగునాట కొత్త విషయం. ఇది తరువాత మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా రూపొందింది.

ఈ పాఠశాల సంగతి తెలిసి, అందులో విద్యార్థిగా చేరి ఇంకా నేర్చుకోవాలనే కోరికతో నాయుడు విశాఖపట్నం నుండి విజయనగరం వెళ్ళాడు. నారాయణదాసు ఆయన వాదనను విన్నాడు. విన్న తరువాత, నేర్చుకోవడానికి వచ్చిన ఆ యువకుని విద్యార్థిగా కాక వయొలిన్ ఆచార్యుడిగా నియమించాడు. అప్పటికి నాయుడు వయసు ఇరవైయారేళ్ళు. పాఠశాల చదువు పూర్తిచేయలేకపోయిన వ్యక్తికి, చేతిలో ఏ పట్టా లేకపోయినా, కేవలం విద్వత్తును చూసి ఆచార్య పదవి ఇవ్వడం నారాయణదాసు గుణగ్రహణ శక్తికి నిదర్శనం. స్వయంగా బహుభాషా పండితుడు, గాయకుడు, లయజ్ఞుడు అయిన దాసు ఎదుట వాయించి మెప్పు పొందడం సామాన్యమైన విషయం కాదు.

1936లో నారాయణదాసు పదవీ విరమణ చేయగా ఆయన స్థానంలో నాయుడు ప్రధానాచార్యుడయ్యాడు. ఒకప్పుడు చూపు లేదని బడికి దూరమైన పిల్లవాడు ఒక కళాశాలకు అధిపతి అయ్యాడు. ఆ తరువాత చాలా సంవత్సరాలు కళాశాలను నడిపాడు. దేశమంతటా కచేరీలు చేస్తూ కూడా బోధనను విడువలేదు. కర్ణాటక సంగీతానికి ప్రధాన కేంద్రాలైన తంజావూరు, మద్రాసులకు దూరంగా ఉన్న ఉత్తరాంధ్రలో ఉంటూ ఆయన ఈ స్థాయిని అందుకొనడం గమనార్హం. ఆ రోజులలో సంగీత విద్వాంసుల పేరు ప్రతిష్ఠలు చాలావరకు మద్రాసు సభలలోనే నిర్ణయమయ్యేవి. తెలుగు విద్యార్థులు ఉన్నత సంగీత శిక్షణ కొరకు తమిళదేశం వెళ్ళడం పరిపాటిగా ఉండేది. నాయుడు ఆచార్యత్వంలో విజయనగరం ఈ పరిస్థితికి మినహాయింపుగా నిలిచింది.

వాదన శైలి

నాయుడు వాదనలో విశేషం ఆయన కమాను వాడిన తీరు. వయొలిన్ వాదనలో ఎడమచేయి స్వరాన్ని నిర్ణయిస్తుంది. కుడిచేతిలోని కమాను ఆ స్వరానికి ప్రాణం పోస్తుంది. కమాను నొక్కుడు, వేగం, అది తీగపై తగిలే చోటు, ఒక పోకలో ఎంత దూరం సాగింది అనే వాటిపై నాదం బలం, మాధుర్యం ఆధారపడి ఉంటాయి. అంతకుముందు మన విద్వాంసులలో చాలామంది గాయకుని వెంట చురుకుగా నడవడానికి అనువుగా కమానును చిన్న చిన్న ముక్కలుగా వాడేవారు. నాయుడు ఈ చివరి నుండి ఆ చివరి వరకు కమానును నిండుగా సాగదీసి వాయించే పద్ధతిని అలవరచుకున్నాడు. దీనివలన స్వరం తెగకుండా, గాయకుడు ఒకే ఊపిరిలో పాడినట్లు నిండుగా వినిపించేది.

ఈ దీర్ఘమైన కమాను వాడుక పాశ్చాత్య వయొలిన్ వాదనలోని ముఖ్య గుణాలలో ఒకటి. నాయుడు పాశ్చాత్య వాదకుల నాదశుద్ధిని గమనించి, అందులో తన సంగీతానికి పనికివచ్చే అంశాన్ని గ్రహించాడు. అయితే ఆయన పాశ్చాత్య బాణీలను గాని, స్వరమేళన పద్ధతిని గాని కర్ణాటక సంగీతంలోకి తేలేదు. పద్ధతి కొత్తది, పలికిన సంగీతం మాత్రం సంప్రదాయబద్ధమైనది. రాగస్వరూపానికి భంగం కలగకుండా నాదాన్ని మెరుగుపరచడమే ఆయన చేసిన ప్రయోగంలోని సారాంశం.

రెండవ విశేషం సాహిత్యాన్ని అనుసరించడం. త్యాగరాజాదుల కృతులు పాడుతున్నప్పుడు పదాల విరుపు, అక్షరాల హ్రస్వదీర్ఘాలు శ్రోతకు తెలుస్తాయి. వాద్యానికి మాట లేదు. ఒక స్వరసమూహాన్ని ఎక్కడ ఒకే కమానులో వాయించాలి, ఎక్కడ కమాను మార్చాలి అనేదానిపై కృతి మాటలతో సహా గుర్తుకు రావడమా, ఉత్త స్వరాల వరుసగా మిగిలిపోవడమా అన్నది ఆధారపడి ఉంటుంది. నాయుడు పల్లవి ఎత్తుకోగానే పాట తెలిసిన తెలుగు శ్రోతకు దాని మాటలు మనసులో మెదిలేవి. కృతులలో అధికభాగం తెలుగులో ఉండడం, ఆ భాష ఆయన మాతృభాష కావడం ఇందుకు ఎంతో తోడ్పడ్డాయి.

మూడవ విశేషం నాదంలోని బలం. ధ్వనివర్ధకాలు సభలకు ఇంకా సరిగా చేరని రోజులలో, పెద్ద సభలో చివరి వరుసలో కూర్చున్నవారికి వయొలిన్ వినిపించడం సమస్యగా ఉండేది. నాయుడు సమకాలికుడు, మైసూరు విద్వాంసుడు టి.చౌడయ్య (1895 - 1967) ఈ సమస్యకు తీగల సంఖ్యను పెంచి ఏడు తీగల వయొలిన్‌తో పరిష్కారం వెదికాడు. నాయుడు నాలుగు తీగల వయొలిన్‌ను అలాగే ఉంచి, కమాను బలంతో నాదాన్ని పెంచాడు. వాద్యాన్ని మార్చకుండా వాదనను మార్చడం ఆయన ఎంచుకున్న మార్గం. నాయుడు, చౌడయ్య, కుంభకోణం రాజమాణిక్యం పిళ్ళై (1898 - 1970) ఆ తరం వయొలిన్ విద్వాంసులలో ముగ్గురు ప్రముఖులుగా గుర్తింపు పొందారు.

ఒంటి వయొలిన్ కచేరీలు

నాయుడు తన కాలపు ప్రముఖ గాయకులు అనేకులకు పక్కవాద్యం వాయించాడు. పక్కవాద్యకారుడిగా కూడా ఆయనకు ఎంతో పేరు వచ్చింది. అయినప్పటికీ వయొలిన్ తనంత తానుగా నిలబడగలదనే విశ్వాసం ఆయనకు ఉండేది. ఈ విశ్వాసానికి రూపం 1938లో వచ్చింది. ఆ సంవత్సరం వేలూరులో ఆయన ఒంటి వయొలిన్ కచేరీ జరిగింది. వయొలిన్ ప్రధాన వాద్యంగా జరిగిన మొదటి పూర్తిస్థాయి కచేరీగా దీనిని పేర్కొంటారు.

నేటి శ్రోతలకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ఆనాటి దృష్టితో చూస్తే ఇందులో సాహసం ఉన్నది. గాయకుడు లేని వేదికపై వయొలిన్ విద్వాంసుడు మధ్యలో కూర్చుంటాడు. ఇరుపక్కల మృదంగం మొదలైన లయ వాద్యాలు ఉంటాయి. అంతకుముందు గాయకునిది అయిన ప్రతి బాధ్యతా ఇప్పుడు ఆయనది. వర్ణంతో ఆరంభించి, కృతులను ఏరి కూర్చి, ప్రధాన రాగాన్ని విస్తరించి, స్వరకల్పన చేసి, చివర తేలికైన అంశాలతో ముగించే వరకు మూడు గంటల సేపు శ్రోతలను కూర్చోబెట్టాలి. మాటల సాయం లేదు. గాయకుడు విశ్రాంతి తీసుకునే సమయంలో వాయించడం వేరు, తనకు విశ్రాంతి లేకుండా వాయించడం వేరు. ఇన్నాళ్ళూ వెంట నడవడానికి అలవాటుపడిన వాద్యం ముందు నడవవలసి వచ్చింది.

సంప్రదాయాన్ని గౌరవించే శ్రోతలు దీనిని అంగీకరించకపోతే విద్వాంసుని పేరుకే నష్టం. నాయుడు కచేరీలను శ్రోతలు ఆదరించారు. ఆ తరువాత ఆయనకు ఒంటి వయొలిన్ కచేరీల కొరకు దేశంలోని పలు ప్రాంతాల నుండి ఆహ్వానాలు వచ్చాయి. పక్కవాద్యంగా వాయించడాన్ని తక్కువగా చూడకుండా, ప్రధాన వాద్యంగా కూడా రాణించవచ్చని చూపడం వలన తరువాతి తరం విద్వాంసులకు రెండు దారులూ తెరుచుకున్నాయి.

గ్రామఫోను, రేడియో

నాయుడు కీర్తి వ్యాప్తికి రెండు కొత్త సాధనాలు తోడ్పడ్డాయి. మొదటిది గ్రామఫోను. ఆ కాలంలో నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డుపై ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కాస్త ఎక్కువ సంగీతం మాత్రమే పట్టేది. సభలో అరగంటకు తగ్గకుండా సాగే రాగాన్ని, కృతిని అంత చిన్న వ్యవధిలో ఇమడ్చడానికి ఏది ఉంచాలి, ఏది వదలాలి అనే వివేకం అవసరం. తొలి స్వరంతోనే రాగాన్ని స్ఫురింపజేయాలి. నాయుడు ఇచ్చిన రికార్డులు సంక్షిప్తతలోనూ నిండుదనం కోల్పోకుండా ఉండి శ్రోతల మన్ననలు పొందాయి. కచేరీకి వెళ్ళే వీలులేని చిన్న పట్టణాల వారికి ఒంటి వయొలిన్ రుచి తెలిసింది చాలావరకు ఈ రికార్డుల ద్వారానే.

రెండవది ఆకాశవాణి. మద్రాసు కేంద్రం 1938 జూన్‌లో, అంటే వేలూరు కచేరీ జరిగిన సంవత్సరంలోనే ప్రసారాలు ప్రారంభించింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. రేడియోలో వినేవారికి వేదికపై ఎవరు మధ్యలో, ఎవరు పక్కన కూర్చున్నారో కనబడదు. నాదం ఒక్కటే చేరుతుంది. నాయుడు బలం అంతా నాదంలోనే ఉన్నందున ఈ సాధనం ఆయనకు చక్కగా నప్పింది.

యెహూదీ మెనూహిన్ మెప్పు

ప్రపంచ ప్రసిద్ధ పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ 1952లో తొలిసారి భారతదేశం వచ్చాడు. ఆ పర్యటనలో చేసిన కచేరీల రాబడిని కరువు సహాయ నిధికి ఇచ్చాడు. మద్రాసులో న్యాయమూర్తి పి.వి.రాజమన్నార్ ఇంట ఆయన నాయుడు వాదనను విని ఎంతో ప్రశంసించాడు. ఐరోపా నుండి వచ్చిన వాద్యం నూటయాభై ఏళ్ళలో ఎంత వేరైన సంగీతాన్ని పలికించగలిగిందో ఆ వాద్యంలో నిష్ణాతుడైన పాశ్చాత్యునికి ప్రత్యక్షంగా తెలిసిన సందర్భం ఇది. తరువాతి కాలంలో మెనూహిన్ భారతీయ సంగీతాన్ని పాశ్చాత్య శ్రోతలకు పరిచయం చేయడానికి కృషి చేశాడు.

శిష్యులు, కుటుంబ పరంపర

నాయుడు కళాశాలలోనూ, ఇంటివద్దనూ అనేకమందికి శిక్షణ ఇచ్చాడు. ద్వారం వారి కుటుంబంలోనే పలువురు వయొలిన్ విద్వాంసులయ్యారు. కుమారుడు ద్వారం భావనారాయణరావు, కుమార్తె ద్వారం మంగతాయారు తండ్రి బాణీని కొనసాగించారు. ద్వారం నరసింగరావు, ద్వారం దుర్గాప్రసాదరావు కూడా ఈ కుటుంబానికి చెందిన ప్రముఖులు. వీరిలో నరసింగరావు, భావనారాయణరావు, దుర్గాప్రసాదరావు విజయనగరం సంగీత కళాశాలకు ప్రధానాచార్యులుగా పనిచేశారు. అందువలన ఆ కళాశాల చరిత్ర ద్వారం వారి చరిత్రతో విడదీయరానంతగా పెనవేసుకుపోయింది.

ప్రముఖ గాయకుడు నూకల చినసత్యనారాయణ (1923 - 2013) తొలుత నాయుడు వద్ద వయొలిన్ నేర్చుకున్నాడు. నేదునూరి కృష్ణమూర్తి (1927 - 2014) విజయనగరం కళాశాలలో ద్వారం నరసింగరావు వద్ద శిక్షణ పొందాడు. ఈ ఇద్దరూ వయొలిన్‌తో ఆరంభించి గాత్రంలో పేరు పొందడం విశేషం. గాత్రాన్ని అనుకరించే వాద్యం నేర్చుకున్నవారు గాత్రంలో రాణించడంలో ఆశ్చర్యం లేదు. సినీ నేపథ్య గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు (1922 - 1974), విజయనగరంలో పుట్టిన గాయని పి.సుశీల కూడా ఈ కళాశాల విద్యార్థులే. ఆ విధంగా శాస్త్రీయ సంగీతంతో పరిచయం లేని సామాన్య తెలుగు శ్రోతకు కూడా ఈ కళాశాల ఫలాలు పరోక్షంగా అందాయి.

పురస్కారాలు, గౌరవాలు

1941: మద్రాసు సంగీత అకాడమీ వార్షిక సమావేశాలకు అధ్యక్షత వహించాడు. సంగీత కళానిధి బిరుదును అకాడమీ 1942లో ఏర్పాటు చేసి, అంతకుముందు అధ్యక్షులైన వారికి కూడా వర్తింపజేసింది. ఆ ప్రకారం నాయుడు 1941 సంవత్సరపు సంగీత కళానిధిగా పేర్కొనబడుతున్నాడు. సాధారణంగా గాయకులు అలంకరించే ఈ పీఠాన్ని ఒక వయొలిన్ విద్వాంసుడు, అదీ విజయనగరం వంటి దూరప్రాంతం నుండి వచ్చినవాడు, అలంకరించడం ఆ రోజులలో విశేషమే.

1950: ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ గౌరవంతో సత్కరించింది.

1953: కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. ఈ పురస్కారాలు మొదలైన తొలి సంవత్సరాలలోనే కర్ణాటక వాద్య సంగీత విభాగంలో నాయుడు ఎంపిక కావడం ఆయనకు దేశస్థాయిలో ఉన్న స్థానాన్ని తెలుపుతుంది.

1957: భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ప్రదానం చేసింది.

మరణం, స్మృతి చిహ్నాలు

ద్వారం వెంకటస్వామి నాయుడు తన 71వ ఏట, 1964 నవంబర్ 25న మరణించాడు. విశాఖపట్నంలోనూ, చెన్నైలోనూ ఆయన విగ్రహాలు నెలకొల్పారు. విశాఖపట్నంలో ఆయన పేరిట ద్వారం వెంకటస్వామి నాయుడు కళాక్షేత్రం ఉన్నది. చెన్నైలో ఆయన స్మారకార్థం ఒక ధర్మసంస్థ ఏర్పడింది. 1993లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ప్రభావం

నాయుడు తరువాతి తరంలో లాల్గుడి జయరామన్, టి.ఎన్.కృష్ణన్, ఎం.ఎస్.గోపాలకృష్ణన్ ఒంటి వయొలిన్ కచేరీలను దక్షిణ భారతంలో సర్వసాధారణం చేశారు. ఇద్దరు లేక ముగ్గురు వయొలిన్ విద్వాంసులు కలిసి వాయించే కచేరీలు కూడా ప్రచారంలోకి వచ్చాయి. ఐరోపా నుండి వచ్చిన మాండొలిన్, శాక్సొఫోన్ వంటి ఇతర వాద్యాలు కూడా కర్ణాటక కచేరీలలో ప్రధాన వాద్యాలుగా నిలిచాయి. మాండొలిన్‌కు ఆ స్థానం తెచ్చిన యు.శ్రీనివాస్ (1969 - 2014) పాలకొల్లులో జన్మించిన తెలుగువాడు. పరాయి వాద్యమైనా పలికించేవాడు మన సంగీతాన్ని చెడగొట్టకుండా పలికిస్తే శ్రోతలు దానిని తమదిగానే స్వీకరిస్తారని వయొలిన్ చరిత్ర అప్పటికే చూపింది. ఆ చరిత్రలో విజయనగరం పట్టణానికి చిరస్థాయిగా చోటు సంపాదించి పెట్టిన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు.